రాత్రి డ్యూటీకి రెండో సిస్టర్‌ని ఇవ్వండి

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను 30 పడకల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. 2006లో కాంట్రాక్టు మీద చేరాను, ఇప్పటికీ కాంట్రాక్టే. ఆ బాధ వేరు, అది ఇంకోసారి రాస్తాను. రాత్రి డ్యూటీలో మాకు ఇంకో మనిషి కావాలి. ఈ మాట సూపరింటెండెంట్‌గారికి రాసిచ్చాం, జిల్లా అధికారికి రాసిచ్చాం, కలెక్టరేట్‌లో సోమవారం పూట రెండుసార్లు అర్జీ పెట్టాం. రెండుసార్లూ అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. వార్డుకి మాత్రం మనిషి రాలేదు.

రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా వార్డు, కాన్పుల గది, క్యాజువాలిటీ మూడూ ఒక్క సిస్టరే చూడాలి. తోడు ఒక ఆయమ్మ. డాక్టర్‌గారు ఫోన్ చేస్తే వస్తారు, వచ్చేదాకా అన్నీ మేమే.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి సంగతి చెబుతాను. రెండు గంటలప్పుడు ఒక తొలిచూలు అమ్మాయికి కాన్పయింది. బిడ్డ బయటపడిన నిమిషంలోపు తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్, అంటే గర్భసంచి గట్టిపడి రక్తం ఆగడానికిచ్చే ఇంజెక్షన్, ఇచ్చాను, మాయ మొత్తం వచ్చిందో లేదో చూశాను. అసలు టెన్షన్ ఆ తర్వాతే. రెండు గంటలపాటు పావుగంటకోసారి పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిగా ఉందా, గుడ్డ ఎంత తడిసింది, బీపీ ఎంత అని చూస్తూనే ఉండాలి. గర్భసంచి మెత్తబడితే రక్తం ఆగదు.

ఒక్కసారి చూశానో లేదో, బయట ఆటో ఆగింది. "పురుగు ముట్టిందమ్మా" అంటూ పాము కరిచిన ఒక రైతుని మోసుకొచ్చారు. పాదం అప్పటికే వాచిపోయింది. రక్తం తీసి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. గడ్డకట్టలేదంటే విషం రక్తంలోకి ఎక్కినట్టే, వెంటనే 10 వయల్స్ విషం విరుగుడు మందు పెట్టాలి. డాక్టర్‌గారికి ఫోన్ చేసి, గొట్టం బల్ల మీద నిలబెట్టి, అరచేతి మీద టైం రాసుకుని కాన్పుల గదికి పరుగెత్తాను.

ఆయమ్మ ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది, నేను చేస్తుంటే చూసి నేర్చుకున్నట్టే. అది ఆవిడ చేయాల్సిన పని కాదు మంత్రిగారూ. కింద గుడ్డ తడిసి ముద్దయింది. పొట్ట మర్దన చేస్తూనే సెలైన్‌లో మళ్లీ ఆక్సిటోసిన్ కలిపి ఎక్కించాను. ఇంతలో ఆ రైతు భార్య తలుపు కొడుతోంది, "సిస్టరమ్మా, మా ఆయన వాంతులు చేసుకుంటున్నాడు, రావమ్మా" అని. నా చెయ్యి పొట్ట మీద నుంచి తీస్తే ఈ పిల్ల పోతుంది. తీయకపోతే అతను పోతాడేమో. అరచేతి మీద టైం చూద్దామంటే గ్లౌజు అడ్డం.

డాక్టర్‌గారు వచ్చారు. ఇద్దరూ బతికారు. పొద్దున ఇంటికెళ్లి ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. ఒకళ్లు పోయి ఉంటే విచారణకి ముందు పిలిచేది నన్నే. "పావుగంటకోసారి చూశావా?" అని అడుగుతారు. ఆ రాత్రి కేస్‌షీట్‌లో రెండు గడులు ఖాళీగానే ఉన్నాయి. చూడని బీపీని చూసినట్టు రాయడం నాకు చేతకాదు.

మనుషులు లేరని అంటారు. మా ఆసుపత్రి సిస్టర్లు ఇద్దరు డిప్యుటేషన్ మీద వేరేచోట పనిచేస్తున్నారు. లెక్క మా దగ్గర, డ్యూటీ అక్కడ. అందుకే కాగితం మీద మాకు ఖాళీలే కనిపించవు. వాళ్లని వెనక్కి పంపండి, లేదా కొత్తవాళ్లని ఇవ్వండి. ఏ దారైనా సరే. ఆన్‌లైన్ ఎంట్రీలు, రిజిస్టర్లు, సెలవు దొరక్క పిల్లల పెళ్లిళ్లకి మేం పడే పాట్లు, అన్నీ తర్వాత చూడండి. ముందు రాత్రికి మనిషిని ఇవ్వండి.

ఈ నెలాఖరుకి వచ్చే నెల డ్యూటీ చార్ట్ వేస్తారు. రాత్రి వరుసలో నా పేరు పక్కన ఇంకో పేరు ఉండేలా చూడండి. దణ్ణం పెట్టి అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక కాంట్రాక్టు స్టాఫ్ నర్సు