వచ్చే బ్యాచ్ నుంచి ముందు మీ ప్రశ్నలు, తర్వాతే మా పాఠం

మా పెట్టుబడి క్లాసుల్లో ఉన్నవాళ్లకీ, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకీ ఓ మాట. వచ్చే బ్యాచ్ నుంచి స్లైడ్లు తగ్గిస్తున్నాం. క్లాసులో మొదటి సగం మీ ప్రశ్నలకే. ఒక్కో బ్యాచ్‌లో తక్కువమందినే తీసుకుంటాం. దాంతో మా ఆదాయం తగ్గుతుంది, దాచడమెందుకు? ఈ ఏడాదికైతే ఫీజు పెంచడం లేదు.

ఎందుకీ మార్పు అంటే, ఈమధ్య క్లాసులో ఒక కంపెనీ వార్షిక నివేదిక చూస్తున్నాం. లాభం బాగా పెరిగింది, అందరూ తలూపుతున్నారు. రిటైరైన ఒకావిడ మాత్రం "లాభం వచ్చిందన్నారు కదండీ, మరి ఆ డబ్బేదీ?" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. సరే, వెతుకుదామని, చేతికి ఎంత డబ్బొచ్చింది, ఎంత పోయింది అని చూపే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తెరిచాం. వ్యాపారం మీద వచ్చిన నగదు మైనస్‌లో ఉంది! ఆస్తులు, అప్పులు చూపే బ్యాలెన్స్ షీటులో చూస్తే, సరుకు కొన్నవాళ్ల నుంచి రావాల్సిన బాకీలు పెరిగిపోయాయి. అరువుకిచ్చినా సరుకు చేరితే అమ్మకం కింద లెక్క రాస్తారు, డబ్బు ఎప్పుడొస్తుందన్నది వేరే సంగతి. ఇందులో మోసమే ఉందనలేం, వేగంగా పెరిగే కంపెనీల్లో ఇది మామూలే. ఏటా ఇదే తంతు అయితే మాత్రం అనుమానించాలి. ఆ రోజు నవ్వినవాళ్లే ఎక్కువ నోట్సు రాసుకున్నారు.

పిల్లలైతే అడిగేస్తారు. మనకేమో ఉద్యోగం, వయసు, హోదా అడ్డొస్తాయి. "మ్యూచువల్ ఫండ్ నిర్వహణ ఖర్చు ఏడాదికి ఒక్క శాతమే" అని వినగానే తలూపేస్తాం. దేని మీద ఒక శాతం అని అడగం. అది వచ్చిన లాభం మీద కాదు, మొత్తం సొమ్ము మీద. ఏటా 10 శాతం చొప్పున పెరిగితే 30 ఏళ్లలో సొమ్ము సుమారు 17.4 రెట్లవుతుంది. ఆ ఒక్క శాతం ఖర్చు పోయి 9 శాతమైతే 13.3 రెట్లే. దాదాపు పావు వంతు పోయినట్టే.

అలాగని కొత్తది కనబడగానే డబ్బు పెట్టేయడం ఆసక్తి కాదు, తొందర. ప్రకృతిని అన్నేళ్లు ప్రశ్నించిన న్యూటన్ కూడా 1720లో ఇంగ్లండ్‌లోని సౌత్ సీ అనే కంపెనీ షేర్లు లాభానికి అమ్మేసి, ధర ఇంకా ఎగబాకేసరికి ఆగలేక మళ్లీ కొని బాగా నష్టపోయాడు. చదవడానికి హద్దు పెట్టుకోకండి, పెట్టుబడికి పెట్టుకోండి.

ఏ షేరు కొనాలో చెప్పడం లేదని కొందరు మానేశారు. ఇకముందూ చెప్పం. అందుకోసమే చేరాలనుకుంటే దయచేసి చేరకండి. కొత్త పద్ధతి నచ్చని పాతవాళ్లకు మిగిలిన క్లాసుల ఫీజు తిరిగి ఇచ్చేస్తాం. ఉండేవాళ్లు క్లాసుకు ముందురోజే ఒక ప్రశ్న రాసి పంపండి. పేరు రాయనక్కర్లేదు. "ఇది కూడా తెలీదా అనుకుంటారేమో" అనిపించినదైతే ముందుగా దాన్నే తీసుకుంటాం.