ఫ్రేమ్ కాదు, ముందు చక్రాలు మార్చుకోండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మౌంటెన్ బైకుల మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రికలో ఈ సంగతి రావడమే అరుదు, చాలా సంతోషం. కానీ "పాత సైకిల్‌ని మెరుగు చేసుకోవాలంటే ముందు మంచి అల్లాయ్ ఫ్రేమ్ వేయించండి, చక్రాల సంగతి తర్వాత చూసుకోవచ్చు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మూడేళ్ల కింద ఒక షాపులో సరిగ్గా ఇదే మాట విని నేను 18,000 రూపాయలు ఫ్రేమ్ మీద పెట్టాను. ఇంకొకరు అలా పెట్టకూడదనే ఈ ఉత్తరం.

మాది వికారాబాద్. పొద్దున్నే బయల్దేరితే అరగంటలో అనంతగిరి అడవిలో ఉంటాను, మూసీ పుట్టిన గుట్టలే అవి. ఎర్ర మట్టి, మొరం, వేర్లు, వానాకాలం తర్వాత దారి మధ్యలో కోసుకుపోయిన కాలవలు. కొత్త ఫ్రేమ్ వేయించుకున్నాక పాత చక్రాలు, ముందు చక్రాన్ని పట్టుకునే పాత ఫోర్కు అన్నీ దానికే బిగించారు. చూడ్డానికి సైకిల్ కొత్తదైపోయింది, తొక్కితే మాత్రం అదే సైకిల్. పాత ఫ్రేమ్‌ని, కొత్తదాన్ని బిగించకముందే మా వీధి కిరాణా షాపు కాటా మీద తూచి చూశాను, తేడా 400 గ్రాములు.

రెండు నెలలు గడిచాయో లేదో, ఒకరోజు గుట్ట దిగుతుంటే వేర్లు అడ్డంగా ఉన్న చోట వెనక నుంచి టక్కుమని చప్పుడు వచ్చింది. పడలేదు, కానీ వెనక చక్రం ఒక పక్కకు ఒరిగి ఫ్రేమ్‌కి రాసుకుంటోంది. తోసుకుంటూ ఇంటికి తెచ్చి, మా ఊళ్లో నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగు చేస్తున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన హబ్బు, అంటే చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే భాగం, విప్పి ఇరుసు బయటికి లాగితే రెండు ముక్కలుగా వచ్చింది. ఇంతసేపూ ఆ రెండింటినీ పట్టి ఉంచింది ఇరుసు మధ్యలోంచి దూరి చక్రాన్ని ఫ్రేమ్‌కి బిగించే క్విక్ రిలీజ్ పుల్లే. విరిగిన చోట సగం తుప్పు రంగులో నల్లబడి ఉంది, మిగతా సగం ఇప్పుడే కోసినట్టు మెరుస్తోంది. "గీ సగం ఎప్పుడో పగిలింది బిడ్డా, మిగిలిన సగం ఇయ్యాల పోయింది" అన్నాడు. అంటే నేను ఫ్రేమ్ బేరం చేస్తున్న రోజుకే ఆ ఇరుసులో పగులు మొదలై ఉండొచ్చు.

ఎందుకలా అవుతుందో ఆయనే చూపించాడు. చవక సైకిళ్లలో పళ్ల చక్రాలన్నీ ఒకే ముద్దగా ఉండే ఫ్రీవీల్‌ని హబ్బు మీద మర తిప్పి బిగిస్తారు, దాంతో ఇరుసు మీద చక్రం తిరగడానికి ఉండే కుడివైపు బాల్సు ఆ ఫ్రీవీల్‌కి లోపలి వైపున ఉండిపోతాయి. అక్కడి నుంచి ఫ్రేమ్ దాకా ఇరుసు ఏ ఆధారమూ లేకుండా మోయాలి. ఏడు పళ్ల చక్రాలుంటే ఆ దూరం ఇంకా ఎక్కువ. పళ్ల చక్రాలు మర తిప్పకుండా జారి కూర్చునే క్యాసెట్ రకం హబ్బులో బాల్సు దాదాపు ఫ్రేమ్ అంచుదాకా జరుగుతాయి కాబట్టి ఇరుసు మీద అంత బరువు పడదు. షిమానో ఇలాంటి హబ్బు 1978లోనే తెచ్చింది, మన దగ్గర పదిహేను, ఇరవై వేలు పెట్టి కొనే సైకిళ్లలో చాలావాటికి ఇంకా ఆ పాత ఫ్రీవీలే వస్తోంది. అసలు ఈ ఆట మొదలైనప్పుడూ హబ్బే పెద్ద తలనొప్పి. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల మీద పాత సైకిళ్లతో పందేలు పెట్టుకునేవాళ్లు, కిందికి వచ్చేసరికి వెనక హబ్బు బ్రేకు వేడికి గ్రీజంతా కాలిపోయి, విప్పి గ్రీజు మళ్లీ కూరాల్సి వచ్చేది. ఆ పందేనికి రీప్యాక్ అని పేరు వచ్చింది అందుకే.

తర్వాత 16,000 పెట్టి చక్రాల జత తీసుకున్నాను. క్యాసెట్ హబ్బు, రెండు పొరల (డబుల్ వాల్) రిమ్ములు, ట్యూబ్‌లెస్ టైర్లు. రెండు చక్రాలూ కలిపి 900 గ్రాములు తగ్గాయి, అదే కాటా మీద. చక్రం అంచున ఉన్న బరువుని ముందుకు తోయడంతో పాటు తిప్పాలి కూడా కాబట్టి, వేగం అందుకునేటప్పుడు అంచున కిలో ఉంటే రెండు కిలోలంత పని పెడుతుంది. ఒకే తీరుగా సాగే చడావు (ఎక్కుడు దారి) మీద కిలో కిలోయే, అక్కడ పెద్ద తేడా ఆశించకండి. కానీ మా గుట్టల్లో ప్రతి మలుపుకీ నెమ్మదించి మళ్లీ ఊపందుకోవాలి, అక్కడ కాళ్లకి తెలుస్తుంది.

బరువు కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ట్యూబు తీసేయడం. ఇక్కడ దారులనిండా పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు. ట్యూబు ఉన్నప్పుడు వారానికొక పంక్చర్, పైగా రాయి తగిలి రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి చిల్లులు పడతాయని గాలి 40 పీఎస్ఐ ఒత్తిడికి కొట్టేవాణ్ని, దాంతో సైకిల్ రాళ్ల మీద గెంతేది. ఇప్పుడు నా 72 కిలోల బరువుకి 26 పీఎస్ఐ సరిపోతోంది, టైరు రాయిని పట్టుకుంటోంది. మొన్న టైరులో దిగిన పల్లేరు కాయని పీకితే టైరు లోపల పోసిన, చిల్లులు పూడ్చే తెల్లటి సీలెంట్ పాలలా చిమ్మింది, చక్రం రెండు చుట్లు తిప్పేలోపు ఆగిపోయింది. మళ్లీ గాలి కూడా కొట్టలేదు.

ఖమ్మంలో మా మేనల్లుడు పోయిన నెల ఫ్రేమ్ కొనబోయాడు. ఫోన్‌లో పంపిన ఫొటో చూస్తే 29 అంగుళాల బూస్ట్ ఫ్రేమ్, అంటే వెనక హబ్బు కూర్చునే చోటు 148 మిల్లీమీటర్ల వెడల్పు, ఇరుసుగా 12 మిల్లీమీటర్ల లావు కడ్డీ (త్రూ యాక్సిల్). వాడి చక్రాలేమో 27.5, వెనక హబ్బు 135 క్విక్ రిలీజ్, అది అందులో కూర్చోదు. ఫోర్కు మెడ కొలత వేరు, అడాప్టర్ కావాలి. బాటమ్ బ్రాకెట్, అంటే పెడల్ ఇరుసు తిరిగే భాగం, మర రకమా, నొక్కి దించే రకమా తెలియదు, సీటు రాడ్డు మందం కలవదు. ఫ్రేమ్ ఒక్కటే అనుకున్న ఖర్చు చివరికి సైకిల్ మొత్తానికీ పాకుతుంది. ఆ మాట షాపువాళ్లు వాడికి ఒక్కసారి కూడా చెప్పలేదు, నాకు బాధ కలిగింది అక్కడే.

ఫ్రేమ్ మార్చక తప్పని సందర్భాలు లేవని కాదు. పెడల్ వైపు నుంచి ముందుకు వచ్చే గొట్టం (డౌన్ ట్యూబ్) హ్యాండిల్ కింది గొట్టాన్ని (హెడ్ ట్యూబ్‌ని) కలిసే చోట కింది వైపు, సీటు రాడ్డు దిగే చోట, బాటమ్ బ్రాకెట్ వెనక, ఈ మూడు చోట్లా బట్టతో తుడిచి వెలుతురులో చూడండి. పెయింట్ మీద వెంట్రుకలాంటి గీత కనబడి, తుడిచినా పోకపోతే ఇక ఆ సైకిల్ తొక్కొద్దు. సైజు సరిపోకపోయినా అంతే, అయిదడుగుల నాలుగంగుళాల మనిషి 19 అంగుళాల ఫ్రేమ్ మీద నడుం నొప్పి తెచ్చుకోవడం తప్ప ఏం చక్రం వేసినా లాభం లేదు. ఇక ఎనిమిది వేల సైకిలైతే రెండూ వద్దు, మంచి టైర్లు వేయించి, స్పోకులు ఒక్కొక్కటీ మీటి చూసి వదులైనవి బిగించి, బెండు తీయించుకుంటే చాలు.

చక్రాలు కొనేముందు టైరు పక్కన ఉన్న అంకె చదవండి. 57-584 అని ఉంటే వెడల్పు 57, రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 584 మిల్లీమీటర్లు, అది 27.5 సైజు. 26 అంటే 559, 29 అంటే 622. మన నాన్నల కాలం నాటి 28 అంగుళాల సైకిల్ రిమ్ము 635, అంటే 29 కన్నా పెద్దది, అందుకే అంగుళాలని నమ్మొద్దంటున్నాను.

2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీదా విడిభాగాల మీదా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి ఇప్పుడు చాలామంది పాతవాటిని మెరుగు చేసుకోవాలని చూస్తున్నారు. వాళ్లకి షాపులో కనిపించేది ఫ్రేమ్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న ‘అల్లాయ్’ అన్న మాట ఒక్కటే. హబ్బు క్యాసెట్‌దా ఫ్రీవీల్‌దా, ఇరుసు కొలత ఎంత, రిమ్ము ట్యూబ్‌లెస్‌కి పనికొస్తుందా, సైకిల్ మొత్తం బరువెంత, ఈ నాలుగూ ధర చీటీ మీదే తెలుగులో రాసిపెట్టాలని తయారీదారులనీ అమ్మేవాళ్లనీ అడుగుతున్నాను. మీ అనుబంధంలో ఈసారి రాసేటప్పుడు ఒక చక్రాన్ని విప్పి, హబ్బు లోపల బాల్సు ఎక్కడ కూర్చుంటాయో ఫొటోతో సహా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
వికారాబాద్