పక్క కుర్చీ పెద్దాయనకు

మొన్న ఆదివారం విజయవాడలో, ఎనిమిది మంది అడిగేవాటిని అవధాని ఒక్కరే ఏకకాలంలో నెగ్గుకొచ్చే అష్టావధానానికి మా అమ్మాయిని తీసుకెళ్లాను. నాకే సగం అర్థం కాదు, ఇక దానికేం చెబుతాను? పది నిమిషాలకే ఇంటికెళ్దామని గొడవ మొదలెట్టింది. అప్పుడు మీరు కరపత్రం వెనక్కి తిప్పి పెన్ను తీశారు.

అవధాని గారు ‘శ్రీ’ అన్నారు. ప్రశ్నలు వేసే పృచ్ఛకులు తర్వాతి అక్షరంగా ‘ర’ వద్దన్నారు. "చూడమ్మా, రాముడి దారి మూసేశారు. ఇప్పుడీయన ఎటు పోతాడో చూడు" అని గుసగుసగా చెప్పారు మీరు. అవధాని ‘గి’ అన్నారు. "శ్రీగిరి! శ్రీశైలం ఎక్కేశాడు!" అనగానే మా పిల్ల కుర్చీ అంచుకి జరిగింది. నిషిద్ధాక్షరి అంటే ఇదా అనుకున్నాను. ఇన్నేళ్లూ ఆ పేరు వింటేనే భయపడ్డాను మరి.

మధ్యమధ్యలో కొట్టే గంటల్ని కూడా అవధాని లెక్కపెట్టుకోవాలి కదా, ఇక గంట మోగినప్పుడల్లా మా పిల్ల కరపత్రం మీద గీత పెట్టింది. చివర్లో అవధాని చెప్పిన లెక్కకీ దాని గీతలకీ ఒక్కటే తేడా. (తప్పు మాదే లెండి, మధ్యలో సమోసాకి లేచాం.)

ధారణలో అవధాని తన పద్యాలన్నీ జ్ఞాపకం నుంచి అప్పజెప్పాక, చప్పట్లు కొట్టి ఇటు తిరిగేసరికి మీరు లేరు. పేరైనా అడగలేదు. ఆ కరపత్రం మా అమ్మాయి లెక్కల పుస్తకంలో భద్రంగా ఉంది. వాళ్ల నాన్న నోరు తెరిస్తే చాలు, "ఆ అక్షరం నిషిద్ధం" అంటోంది. చాలా కృతజ్ఞతలండీ.