పక్షుల ఫొటోలకు స్కోపు కొనేవారు గమనించవలసినవి

సంపాదకులకు,

అయ్యా,

వలస పక్షులపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. లక్షలు పోసి పెద్ద లెన్సు కొనలేనివారు స్పాటింగ్ స్కోపుకు (స్టాండు మీద పెట్టి దూరపు పక్షులను చూసే చిన్న టెలిస్కోపుకు) సెల్‌ఫోన్ తగిలించి దూరపు పక్షులను ఫొటో తీయవచ్చని రాసినందుకు సంతోషం. అయితే స్కోపు ఎంపికకు ‘అరవై రెట్లు పెద్దగా చూపేది’ అన్న ఒక్క గుర్తు చెప్పి వదిలేశారు. ఆ మాట నమ్మి అంగడికి వెళ్లినవారు డబ్బు పోగొట్టుకునే అవకాశమే ఎక్కువ కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

స్కోపు పెట్టెమీద ఉదాహరణకు 20–60×80 అని ఉంటుంది. మొదటి రెండు సంఖ్యలు తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో చెబుతాయి, చివరిది ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. కొనేవారి చూపు 60 మీదికి పోతుంది గాని, ఫొటో మంచిచెడ్డలను చాలావరకు తేల్చేది ఆ 80. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే ఐపీస్ (కన్ను ఆనించే వెనుక లెన్సు) నుంచి బయటికి వచ్చే కాంతిపుంజం వెడల్పు తెలుస్తుంది. 20 రెట్ల దగ్గర 4 మిల్లీమీటర్లున్న ఆ వెడల్పు 60 రెట్ల దగ్గర 1.3కు కుంచించుకుపోతుంది. అంటే వెలుగు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. సెకనులో 900వ వంతులో తీయగలిగిన ఫొటోకు 100వ వంతు సమయం కావలసి వస్తుంది. పైగా గాలికి వచ్చే కుదుపు మూడింతలై కనిపిస్తుంది. ఫోన్ ప్రధాన కెమెరా మామూలు 35 మి.మీ. ఫిల్ము లెక్కలో సుమారు 25 మి.మీ. లెన్సుకు సమానం కాబట్టి, 20 రెట్ల స్కోపు వెనుక అది 500 మి.మీ. లెన్సులాగా, 30 రెట్ల వెనుక 750 మి.మీ. లెన్సులాగా చూస్తుంది. నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్లమీది గూడబాతులకు గాని, కొల్లేటి ఆటపాకలో గూళ్లకు గాని అంతకు మించి నిజంగా అవసరం పడదు. 65 మి.మీ. స్కోపు మోయడానికి తేలికే, కానీ 80 మి.మీ. అద్దం దానికి ఒకటిన్నర రెట్లు వెలుగు పడుతుంది. ఫొటోలే ముఖ్యమనుకునేవారు ఆ బరువు భరించడమే మేలు.

గాజు నాణ్యత మరొక సంగతి. చౌక స్కోపులో తెల్లకొంగ అంచుల వెంబడి ఊదారంగు గీత పడుతుంది. రంగులు విడిపోవడాన్ని తగ్గించే ఈడీ గాజు వాడిన స్కోపుల్లో అది బాగా తగ్గుతుంది. కంటితో చూసేటప్పుడు అంతగా పట్టించుకోని ఈ లోపం ఫొటోలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వీలైతే జూమ్ ఐపీస్ బదులు 25 లేదా 30 రెట్ల స్థిరమైన వైడ్ ఐపీస్ తీసుకోవాలి. చాలా జూమ్ ఐపీస్‌లు తక్కువ రెట్ల దగ్గర ఇరుకు దృశ్యాన్నే చూపడం వల్ల ఫోన్ తెరమీద బొమ్మ చుట్టూ నల్లటి వలయం మిగిలిపోతుంది.

ఫోన్‌ను స్కోపుకు తగిలించే అడాప్టర్ విషయంలో జనం అనవసరంగా పిసినారితనం చేస్తారు. ఏ ఫోన్‌కైనా పట్టే బిగింపు అడాప్టర్ చౌకే, కాని ఫోన్ లెన్సు ఐపీస్ నడిమధ్యకు రావాలి. ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా తెరమీద ఒక పక్క చంద్రవంక ఆకారంలో నల్లబడుతుంది. ఇక రెండు మూడు కెమెరాలున్న ఫోన్లలో జూమ్ పెంచగానే ఫోన్ తనంతట తాను పక్క లెన్సుకు మారిపోతుంది, తెర పూర్తిగా నల్లగా అయిపోతుంది. ఒకే లెన్సును పట్టి ఉంచే కెమెరా యాప్ వాడితే ఈ బెడద ఉండదు. స్కోపు వెనుక కెమెరా పెట్టి తీసే ఈ పద్ధతిని 1999 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన మలేసియా పక్షి పరిశీలకుడు లారెన్స్ పో వాడిన నికాన్ కూల్‌పిక్స్ 950 కెమెరా లెన్సు కూడా చిన్నదే, జూమ్ చేసినా ముందుకు పొడుచుకు రానిదే. పెద్ద కెమెరా, పెద్ద లెన్సు పెట్టి ఐపీస్ వెనుక ఆనిస్తే ఫలితం ఇంకా బాగుంటుందనుకోవడం పొరపాటు.

నన్నడిగితే బడ్జెట్‌లో ముందుగా పక్కన పెట్టవలసింది ట్రైపాడ్ డబ్బు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. ఫ్లెమింగోలు ఆ రోడ్డుకు ఎంతో దూరంలో పలచటి నీళ్లలో మేస్తుంటాయి, గాలికి అడ్డమనేదే ఉండదు, లారీ పోయిన ప్రతిసారీ కాళ్లకింద నేల అదురుతుంది. అక్కడ పెళ్లి వీడియోలకు వాడే తేలికపాటి స్టాండు మీద ఎంత ఖరీదైన స్కోపు పెట్టినా వృథా. బరువైన కాళ్లు, స్కోపును కుదుపు లేకుండా నెమ్మదిగా తిప్పనిచ్చే ఫ్లూయిడ్ హెడ్ ఉండాలి. మధ్య కడ్డీ పైకి లాగకూడదు. తెరను వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ గాని, బ్లూటూత్ మీట గాని వాడాలి. పొద్దెక్కాక నీళ్లమీద లేచే వేడి గాలిలో బొమ్మ అలలాడుతుంది, దానికి మాత్రం ఏ కంపెనీ స్కోపూ మందు కాదు. ఉదయం ఎనిమిదిలోపు తీసుకోవడమే మార్గం.

ఇంత చెప్పడానికి మరో కారణం కూడా ఉంది. ఫోన్‌లో పక్షి చిన్నదిగా వస్తోందని కొందరు బురదలోకి దిగి నడుస్తున్నారు, పడవలు మాట్లాడుకుని గుంపు దగ్గరకు పోతున్నారు, ఎగిరే ఫొటో కోసం కేకలు వేస్తున్నారు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షికి మేత సమయం ఎంత విలువైనదో వారికి పట్టడం లేదు. స్కోపుతో తీసిన ఫొటో పత్రికలో నిలువెత్తున అచ్చు వేయడానికి పనికిరాకపోవచ్చు. కాని పక్షిని కదిలించకుండా పరిశోధకులు దాని కాలికి వేసిన రింగు మీది అక్షరాలు చదవడానికి అదే చాలు. మంగోలియాలో అంకెల మెడపట్టీ వేసిన, తలపై నల్లచారలుండే బార్‌హెడెడ్ గూస్‌లను దక్షిణ భారతంలోని చెరువుల వద్ద గుర్తించింది అలా దూరం నుంచి అంకెలు చదివినవారే.

కాబట్టి మీకు ఒక మనవి. ఇకపై పక్షి ఫొటో ప్రచురించినప్పుడు దాని కింద ఎంత దూరం నుంచి, ఏ పరికరంతో తీశారో ఒక వరుసలో వేయండి. గూడు మీదికి పోయి తీసిన ఫొటో అని తెలిస్తే, ఎంత అందంగా ఉన్నా, వెనక్కి పంపండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సూళ్లూరుపేట