రొమ్ము క్యాన్సర్ సహాయ సంఘం, కర్నూలు: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షురాలికి, కార్యవర్గ సభ్యులకు, చికిత్స పూర్తి చేసుకుని ఈ రోజు మన మధ్య కూర్చున్న అక్కచెల్లెళ్లకు, వారి వెంట వచ్చిన కుటుంబ సభ్యులకు నమస్కారాలు.

సంఘం ఆశయాలు సభ్యులందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. కరపత్రాలు పంచి, గులాబీ రిబ్బన్లు కట్టి, ఫోటో దిగి తిరిగివచ్చే పద్ధతికి స్వస్తి చెప్పాలని, రొమ్ము క్యాన్సర్ మీద జరిగిన పరిశోధనల్లో గట్టిగా నిలబడినవేవో తెలుసుకుని వాటిలో మన జిల్లాలో చేయగలిగినవే చేయాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. ఆ తీర్మానం ప్రకారం ప్రతి నెలా రెండో గురువారం సాయంత్రం సి.క్యాంపులోని మన గదిలో అధ్యయన సమావేశం జరిగింది. కర్నూలు వైద్య కళాశాలలో బోధించి పదవీ విరమణ చేసిన ఒక డాక్టరమ్మ, తన పేరు ఎక్కడా వేయవద్దన్న షరతు మీద, పరిశోధన పత్రాలను మాకు తెలుగులో విడమరచి చెప్పారు. ఆమెకు సంఘం ఎంతో రుణపడి ఉంది.

మేము మొదట చదివినదీ, మిగతా ఏడాదంతా మమ్మల్ని నడిపించినదీ ముంబయి అధ్యయనం. టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో దీన్ని మొదలుపెట్టి, 20 ఏళ్ల ఫలితాలను 2021లో ప్రకటించారు. 35 నుంచి 64 ఏళ్ల వయసున్న 1,51,000 మందికి పైగా స్త్రీలు ఇందులో ఉన్నారు. సగం వాడల్లో ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చొప్పున నాలుగు విడతలు చేతితో తాకి రొమ్ము పరీక్ష చేశారు. మిగతా వాడల్లో ఒకసారి అవగాహన మాత్రం కల్పించారు. పరీక్ష చేసినవారు డాక్టర్లు కారు, పదో తరగతి వరకు చదివి కొన్ని వారాల శిక్షణ పొందిన ఆడవాళ్లు. పరీక్ష జరగని వాడల్లో బయటపడిన క్యాన్సర్లలో 47 శాతం మూడో దశకో నాలుగో దశకో చేరినవి కాగా, పరీక్ష జరిగిన వాడల్లో అవి 37 శాతమే. 50 ఏళ్లు దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపు వారిలో మరణాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ చివరి మాటను కూడా ప్రతి శిబిరంలో చెప్పాలని కార్యవర్గం పట్టుబట్టింది. మంచి మాటే కదా అని సగం నిజం చెబితే, రెండో సగం బయటపడిన రోజున మన మాట ఎవరూ నమ్మరు.

రొమ్మును ఎక్స్-రే తీసి చూసే మమోగ్రామ్ యంత్రం గొప్పదే, కాదనము. అది అందుబాటులో ఉన్నచోట తప్పకుండా చేయించుకోవాలి. కాని కోడుమూరులోనో వెల్దుర్తిలోనో ఉన్న స్త్రీకి అది ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, తోడుగా వచ్చే మనిషి, ఇంట్లో పెద్దల అనుమతి కలిస్తే తప్ప అందేది కాదు. ముంబయి అధ్యయనం చూపించినది అక్షరం వచ్చిన మనిషి, శిక్షణ పొందిన చేయి. అవి రెండూ మన దగ్గర ఉన్నాయి. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఎ.ఎన్.ఎం.లు, ఆరోగ్య కార్యకర్తలు రొమ్ము పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. వారి వెంట నిలబడి, ఊళ్లో ఆడవాళ్లను ఒప్పించి ఆ గదిదాకా తీసుకురావడం, గడ్డ ఉందని తేలినవారిని ఆసుపత్రికి చేర్చడం మన పని అని నిర్ణయించుకున్నాం.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది గూడూరు శిబిరం. అక్టోబరులో ఒక ఆదివారం, మగ్గాలకు సెలవు ఇప్పించి, చేనేత వాడలోనే ఒక పెద్దింటి వసారాలో నిర్వహించాం. శిక్షణ కోసం అరువు తెచ్చిన రొమ్ము నమూనా ఒకటి బల్ల మీద పెట్టాం. మెత్తని సిలికాన్‌తో చేసిన ఆ నమూనాలో వేర్వేరు లోతుల్లో ఐదు గడ్డలు దాచి ఉంటాయి, చిన్నది కందిగింజంత. మూడు వేళ్ల మెత్తని భాగంతో, పైపైన ఒకసారి, కొంచెం నొక్కి ఒకసారి, గట్టిగా నొక్కి ఒకసారి, చంక దాకా వెతకాలని మన కార్యకర్త చూపించింది. చదువుకున్న అమ్మాయిలు మూడు గడ్డలు కనిపెట్టి ఆగిపోయారు. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్న ఒక అవ్వ లేచి వచ్చింది. యాభై ఏళ్లుగా పట్టు నేసిన చేయి ఆమెది. కళ్లు మూసుకుని, అల్లిన పోగు మీద వేలు జార్చినట్టే జార్చి, అందరికంటే ముందు ఆ కందిగింజంత గడ్డ దగ్గర ఆపి, "ఇదో, ఈడ పోగు ముడి పడినట్టుందమ్మీ" అంది. వసారా అంతా ఒక్కసారి కదిలింది. అప్పటిదాకా కొంగు చాటున నవ్వుకుంటున్న ఆడవాళ్లు వరుస కట్టారు. పోగులో ముడి తెలిసే వేళ్లకు గడ్డ తెలియకుండా ఉండదన్న ధైర్యం ఆ వాడకు మేము ఇచ్చింది కాదు, ఆ అవ్వ ఇచ్చింది. ఆ రోజు 112 మంది పరీక్ష చేయించుకున్నారు. నలుగురిని పై పరీక్షలకు పంపాం. ముగ్గురివి ప్రమాదం లేని గడ్డలని తేలింది. నాలుగో ఆమెకు రెండో దశలో క్యాన్సర్ బయటపడింది, చికిత్స పూర్తయింది, ఆమె ఈ సభలోనే ఉన్నారు.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి, లక్షణం చూపించుకోవడానికి వచ్చిన స్త్రీకి 60 రోజుల్లోగా రోగ నిర్ధారణ జరగాలన్నది. మన నమోదు పుస్తకంలో ఉన్న ఒక సోదరికి గడ్డ కనిపించిన నాటి నుంచి బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఫలితం చేతికి వచ్చేసరికి ఏడు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు ఆమె భయంతో ఎవరికీ చెప్పలేదు, అది మన సమాజం తప్పు. తర్వాతి మూడు నెలలు ఒకచోట పాలగడ్డ అని పైపూత మందు రాసి పంపారు. మిగిలిన రెండు నెలలు ఒక కాగితం మీద ఒక ముద్ర పడక పోయాయి. 2022లో మన దేశంలో 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98,000 మందికి పైగా దానితో చనిపోయారని అంతర్జాతీయ అంచనా. ఆ లెక్కలో ఎందరి నెలలు ఇలా ముద్రల కోసం, సంతకాల కోసం కరిగిపోయాయో ఊహించుకుంటే కడుపు తరుక్కుపోతుంది. రెండు మండలాల్లో శిబిరాలకు గది అడుగుతూ ఒక కార్యాలయానికి మూడుసార్లు దరఖాస్తు ఇచ్చాం, మూడుసార్లు స్వయంగా వెళ్లాం, జవాబు ఈ నివేదిక రాసే నాటికీ రాలేదు. ఈ మాట నివేదికలో ఉండాలని కార్యవర్గం తీర్మానించింది.

చికిత్స విషయంలో శిబిరాలన్నిటిలో ఎదురైన మొదటి ప్రశ్న ఒక్కటే: "రొమ్ము తీసేస్తారా?" ఈ భయమే చాలామందిని ఇంట్లో కట్టేస్తోంది. ఇటలీలో వెరోనేసి, అమెరికాలో ఫిషర్ చేసిన రెండు అధ్యయనాల 20 ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. తొలి దశలో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా ప్రాణం నిలవడంలో తేడా లేదని అవి తేల్చాయి. అంటే తొందరగా వచ్చిన మనిషికి రొమ్ము కూడా మిగిలే అవకాశం ఉంది. ఈ ఒక్క వాక్యం నూరు కరపత్రాల పని చేసిందని నా అనుభవం.

మన పక్క జనం కరెంటు పెట్టడం అని పిలిచే రేడియేషన్ గురించి కూడా చాలా చెప్పవలసి వచ్చింది. ఒకప్పుడు ఐదు వారాలు సాగిన ఈ చికిత్స మూడు వారాలకు తగ్గింది. ఐదు రోజుల్లో ఇచ్చినా తొలి దశ రొమ్ము క్యాన్సర్‌లో ఫలితం తగ్గదని బ్రిటన్‌లో 4,096 మందిపై జరిగిన ఫాస్ట్-ఫార్వర్డ్ అధ్యయనం 2020లో చూపింది. హైదరాబాదులో గది అద్దెకు తీసుకుని, పిల్లలను పుట్టింట్లో వదిలి చికిత్స చేయించుకున్న మన సభ్యులకు మూడు వారాలకూ ఐదు రోజులకూ ఉన్న తేడా ఎంతో వేరే చెప్పనక్కరలేదు. ఎవరికి ఏది తగునన్నది డాక్టరు నిర్ణయం. అడగడం మాత్రం మన హక్కు. మన దేశంలోనే 11 ఆసుపత్రుల్లో సుమారు 1,600 మందిపై టాటా మెమోరియల్ డాక్టర్ బడ్వే బృందం జరిపిన మరో అధ్యయనం విని సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆపరేషనుకు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ మామూలు మత్తుమందు లిడోకెయిన్ ఎక్కించినవారిలో ఐదేళ్ల తర్వాత 90.1 శాతం మంది జీవించి ఉండగా, ఎక్కించనివారిలో 86.4 శాతం మంది ఉన్నారు. ఖరీదైన మందు కాదు, పంటి డాక్టరు దగ్గర కూడా ఉండే మందు.

చికిత్స ముగిశాక కోలుకునే కాలాన్ని ఇంతకాలం మనం నిర్లక్ష్యం చేశామని ఒప్పుకోవాలి. చంకలోని గ్రంథులు తీసినవారిలో కొందరికి చేయి వాస్తుంది. ఆ చేత్తో బిందె ఎత్తవద్దని, పని చేయవద్దని అందరూ చెబుతారు. కూలికి పోయే మనిషి ఆ మాట ఎలా వింటుంది? అమెరికాలో 141 మంది స్త్రీలపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, శిక్షకుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ వ్యాయామం చేసినవారికి వాపు పెరగలేదు సరికదా, వాపు తిరగబెట్టడం తగ్గింది. దీన్ని ఆధారంగా చేసుకుని ప్రతి శనివారం చేతి వ్యాయామం మొదలుపెట్టాం. దర్జీ టేపుతో మోచేతికి పైన, కింద, మణికట్టు దగ్గర రెండు చేతులూ కొలిచి ఒక్కొక్కరి పుస్తకంలో రాస్తున్నాం. కల్లూరు నుంచి వచ్చే ఒక అక్క, గత నెల కొలత కంటే అర సెంటీమీటరు తగ్గిందని చెప్పగానే టేపు మా చేతిలోంచి తీసుకుని తానే మళ్లీ కొలుచుకుంది. పాత గాజులు ఎక్కుతున్నాయని మరుసటి వారం వేసుకుని వచ్చి చూపించింది.

క్యాన్సర్ తిరగబెట్టకుండా ఏళ్ల తరబడి వేసుకునే టామోక్సిఫెన్ మాత్రలు వాడవలసినవారు మధ్యలో మానేయడం మరో పెద్ద సమస్య. హార్మోన్ల వల్ల పెరిగే రకం క్యాన్సర్‌లో ఐదేళ్లకు బదులు పదేళ్లు వాడితే తిరగబెట్టడం ఇంకా తగ్గుతుందని 2012లో అట్లాస్ అధ్యయనం తెలిపింది. మనవాళ్లలో కొందరు రెండేళ్లకే "బాగానే ఉన్నాను కదా" అని ఆపేశారు. నెలకొకసారి ఫోన్ చేసి అడిగే బాధ్యతను ఇద్దరు సభ్యులు తీసుకున్నారు. ఆ పని చక్కగా సాగుతోంది.

జమాఖర్చులు కోశాధికారి గారు చదివి వినిపిస్తారు, ఆడిట్ కాపీ బల్ల మీద ఉంది. ఖర్చులో ఎక్కువ భాగం పేద రోగుల ప్రయాణాలకు, బయాప్సీ పరీక్షలకు పోయింది, కొద్ది మొత్తం మిగిలింది.

కార్యకర్తల సంగతి చెప్పక తప్పదు. గత సభలో 34 మంది చేయెత్తారు. శిక్షణకు 19 మంది వచ్చారు. శిబిరాలకు క్రమం తప్పకుండా వచ్చినవారు ఏడుగురు, ఆ ఏడుగురిలో ఐదుగురు స్వయంగా చికిత్స చేయించుకున్నవారే. కీమో తర్వాత జుట్టు ఇంకా పూర్తిగా రాని మనిషి తలకు గుడ్డ కట్టుకుని ఉదయం ఆరున్నర బస్సుకు వస్తుంటే, ఆరోగ్యంగా ఉన్న మనం రాలేకపోవడానికి చెప్పే కారణాలు నాకు అర్థం కావడం లేదు. పేర్లు చదవను. రానివారికే తెలుసు.

గూడూరులో వసారా ఇచ్చి, అందరికీ ఉగ్గాని వండిపెట్టిన కుటుంబానికి, సెలవు రోజున వచ్చి పరీక్షలు చేసిన ఎ.ఎన్.ఎం.లకు, ఆశా కార్యకర్తలకు, ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాలు దగ్గరుండి పూర్తి చేయించిన ఆరోగ్యమిత్రలకు, ఓర్వకల్లు పొదుపు సంఘాల అక్కలకు, తెలుగు ప్రతులు ఉచితంగా అచ్చువేసి ఇచ్చిన ప్రెస్ యజమానికి, తన ఆటోను నెలలో నాలుగు రోజులు మనకే కేటాయించిన డ్రైవరు తమ్ముడికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

అరువు తెచ్చిన నమూనాను రాబోయే రెండు నెలల్లో తిరిగి ఇచ్చేయాలి. ఆలోగా కోడుమూరు, వెల్దుర్తి, పత్తికొండ శిబిరాలు పూర్తి కావాలి. గది దొరక్కపోతే చెట్టు కింద చాటు కట్టి అయినా జరుపుతాం. ఒక్కో శిబిరానికి కనీసం పన్నెండు మంది కావాలి. తలుపు దగ్గర బల్ల మీద పుస్తకం ఉంది. పేరుతోపాటు ఏ ఆదివారం రాగలరో కూడా రాయవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి
కర్నూలు