ఖర్జూర వనంల మన మోకు

అబుదాబి,
మార్చి నెల.

బాపుకు, అవ్వకు దండాలు.

నేనిక్కడ మంచిగున్న. ఫోన్ల రోజు మాట్లాడుతనే ఉన్న గని, ఇది ఫోన్ల ఒడిసే ముచ్చట కాదు. సగం చెప్పంగనే నువ్వు "సరే తియ్ బిడ్డా, పైసలు కాలుతయి" అంటవు. అందుకే కూసోని రాస్తున్న. చెల్లెతోని నిమ్మలంగ సదివిపిచ్చుకో.

పోయిన ఆదివారం అల్ ఐన్ పోయిన. అబుదాబికెల్లి బస్సుల రెండు గంటల పైన పట్టింది. తొవ్వ పొడుగూత ఇసుకనే. ఊరు నడిమిట్ల దిగి, రెండు మట్టిగోడల నడుమ సందుల అడుగువెట్టిన్నో లేదో ఎండ ఎటువాయెనో తెల్వలే. నెత్తిమీద మొత్తం మండలే. లక్షా 47 వేల ఖర్జూరపు చెట్లున్నయట బాపూ, నూరు రకాల దాక. 2011ల యునెస్కోవాళ్లు ఈ తోటలను ప్రపంచ వారసత్వంల చేర్చిండ్రు. లోపటికి పోను టికెట్ లేదు.

పోంగనే ఒక చెట్టు మీద చెయ్యివెట్టి చూసిన. అచ్చం మన ఈత. అదే గరుకు, కోసిన మట్టల మొదళ్లు అట్లనే వరుసలు వరుసలు. కాకుంటె బోదె మనదానికన్న లావు. ఈత, ఖర్జూరం రెండూ అక్కచెల్లెండ్లే, ఒక్క కుదురు చెట్లే.

ఇగ అసలు ముచ్చట. ఒక చెట్టు మీద మనిషి కనవడ్డడు. నడుము సుట్టు, బోదె సుట్టు తాడు. ఎన్కకు ఒరిగిండు, తాడును జానెడు మీదికి ఎగేసిండు, రెండడుగులు ఏసిండు, మల్ల ఒరిగిండు. నాకు కాళ్లు ఆడలే. కల్లు గీసెతందుకు మోకు తాడేసుకొని చెట్టెక్కే నువ్వే కనవడ్డవు. ఆయన దిగేదాక అట్లనే నిలవడ్డ. బంగ్లాదేశాయన, హిందీల మాట్లాడిండు. ఆ తాడును ఈడ హాబూల్ అంటరట. మా బాపు గూడ ఇట్లనే ఎక్కుతుండె అని చెప్పంగనే ఇడిసి నా చేతికిచ్చిండు. నడుముకు ఆనే కాడ చెయ్యెడల్పు పట్టీలెక్క దగ్గరగ అల్లి ఉన్నది. చెమటకు నల్లగ, నున్నగ అయింది. నీ మోకు వాసనే వచ్చింది. నన్ను నువ్వు ఒక్కనాడు గూడ చెట్టెక్కనియ్యలేదు గని, మోకు ఎక్కడ అరుగుతదో, ముడి ఎట్ల చూసుకోవాల్నో నీ పక్కన కూసోనే నేర్చుకున్న. ఆయన ముడిని నేను ఒత్తి చూస్తుంటె ఆయన నవ్విండు.

ఆయన చేసేది కల్లు పని కాదు, ఈడ గీసుడు లేదు. మన తాటిచెట్లల్ల పోద్దాడు, పండుదాడు ఉన్నట్లనే ఖర్జూరంల గూడ మగచెట్టు ఏరు, ఆడచెట్టు ఏరు. గాలికి ఇడిసిపెడితె కాత సరిగ పట్టదట. అందుకని మగపూల రెమ్మలు తెంపుకొని, ఆడచెట్టు గెల పలిగినప్పుడు దాని నడుమ బోర్లిచ్చి, ఆకు చీలికతోని వదులుగ కడుతరు. నా అరచేతిల ఒక రెమ్మ దులిపిండు. బియ్యప్పిండి అసొంటి తెల్లటి దుమ్ము. ఒక్క మగచెట్టు దుమ్ము యాభై చెట్లకు సరిపోతదట. ఎండకాలమంత కాయ పండి, గెలలు దించేదాక ఒక్కో చెట్టు ఎన్నోసార్లు ఎక్కాలె.

చెట్ల కింద మామిడి, అరటి, నిమ్మ, అంజీర పెట్టిండ్రు. ఖర్జూరం గొడుగు పడితె అవి నీడకు బతుకుతున్నయి. నీళ్లు సన్న కాలువలల్ల పారుతున్నయి, దాన్ని ఫలజ్ అంటరు. గుట్టల దిక్కు ఊట కాడ లోతు బాయి తవ్వి, ఆడికెల్లి భూమి లోపట్నే సొరంగం తీసి, కొంచెం కొంచెం వాలుతోని ఊర్లకు తెచ్చిండ్రు. మోటరు లేని కాలంల! అల్ ఐన్ చుట్టుముట్టు తవ్వితె 3 వేల ఏండ్ల కిందివి గూడ బయటపడ్డయి. ఎవరి చెట్లకు ఎంతసేపు నీళ్లు అనేది వంతు. వంతు చూసే పెద్దమనిషిని అరీఫ్ అంటరు. మన తూము కాడ నీరటి తాత యాదికొచ్చిండు, గెట్టు కాడ కొట్లాటలు ఆయన ఒక్క మాటతోని ఆగుతుండె గద. తర్వాత ఈ దేశానికి మొదటి అధ్యక్షుడైన షేక్ జాయెద్ 1946ల ఈ ఊరి పాలనకు వచ్చినప్పుడు పూడిపోయిన ఫలజ్‌లు బాగుచేపిచ్చిండట. ఆయన ఉన్న మట్టి ఇల్లు తోట పక్కనే ఉన్నది.

బాపూ, చెల్క ఒడ్డు మీది పద్నాలుగు ఈత చెట్లు కొట్టేస్తనన్నవని అవ్వ చెప్పింది. మోకు జారి నువ్వు పడ్డప్పటి సంది వాటి దిక్కు చూడబుద్దైతలేదని నాకు ఎరుకే. నువ్వు మల్ల ఎక్కుమని అంటలేను, ఎక్కితె నా మీద ఒట్టే. కొట్టుడు మాత్రం వద్దు. నన్ను పదో తరగతి దాక సదివిపిచ్చింది ఆ చెట్లే. బేరగాడు అడ్వాన్సు ఇచ్చి ఉంటె ఎంతో చెప్పు, ఒకటో తారీకు జీతం పడంగనే పంపుత, వాపసు ఇచ్చెయ్. పక్కింటి పిలగాడు గీస్తనంటె సగం పాలుకు ఇయ్యి.

దసరాకు వస్త. అప్పటికి ఈడ కొత్త పంట దిగుతది, ఖలాస్ రకం పండ్లు తెస్త, మెత్తగుంటయి, అవ్వ నమిలితె నొయ్యదు. నీ మోకు దూలానికే ఉండని. వానకు ఆ మూల కురుస్తది, జర ఇవతలికి జరుపు.

నీ కొడుకు