కెనడాలో దిగగానే ఏ బ్యాంకు?

అందరికీ నమస్తే. ఈ సెమిస్టర్‌కి టొరంటో వైపు వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు విడివిడిగా అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాస్తున్నా. ఆర్‌బీసీ, టీడీ, స్కోషియా, బీఎంఓ, సీఐబీసీ, ఈ ఐదు బ్యాంకుల్లోనూ కొత్తవాళ్లకి ఖాతా ప్యాకేజీలు ఉంటాయి, ఏది తీసుకున్నా 1,00,000 డాలర్ల వరకు డిపాజిట్‌కి సీడీఐసీ (కెనడా ప్రభుత్వ డిపాజిట్ బీమా సంస్థ) బీమా ఉంటుంది కాబట్టి ఆ టెన్షన్ వద్దు. ఖాతా తెరిస్తే ఇచ్చే బోనస్ చూసి పరుగెత్తకండి. నెలవారీ ఫీజు ఎన్నాళ్లు మాఫీ, తర్వాత ఎంత, ఫీజు పడకుండా ఖాతాలో ఎంత ఉంచాలి, ఇవి గట్టిగా అడగండి. నాకు ఉచిత గడువు అయిపోయిన సంగతి తెలియక మూడు నెలలు ఫీజు కట్ అయింది, పార్ట్ టైం జీతంలో అది చిన్న మొత్తం కాదు.

ఉద్యోగం లేదని బ్యాంకు ఖాతా తెరవడం కుదరదంటే ఊరుకోకండి, సరైన గుర్తింపు పత్రాలుంటే ఉద్యోగం లేకపోయినా, వెంటనే వెయ్యడానికి డబ్బు లేకపోయినా తెరుచుకునే హక్కు ఇక్కడ ఉంది.

అన్నిటికంటే ముఖ్యం క్రెడిట్ కార్డు. ఇండియాలో సిబిల్ స్కోరు ఎంత బాగున్నా ఇక్కడ మళ్లీ మొదటినుంచే, అందుకే ఇక్కడ క్రెడిట్ హిస్టరీ (అప్పు తీసుకుని తీర్చిన రికార్డు) లేకపోయినా కార్డు ఇచ్చే బ్యాంకునే చూసుకోండి, లిమిట్‌లో 30 శాతం లోపే వాడి గడువులోగా మొత్తం కట్టేయండి. ఇండియాలో ఉన్న పాత సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇండియాలో ఉండే ఖాతా) మార్పించడం కూడా మర్చిపోవద్దు.